టర్కీ ట్రిప్ వెళ్ళాలా, మానాలా? దేశం మీద కోపం, మన ప్రయాణాలు

హారిక_వైట్‌ఫీల్డ్ | శుక్రవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి పిల్లల సెలవుల్లో ఎక్కడికో ఒకచోటికి వెళ్తుంటాం. ఈసారి టర్కీలో ఇస్తాంబుల్, బెలూన్ సవారీలకి పేరున్న కప్పడోకియా అన్నాను. అంతే, వాట్సాప్ గ్రూపు అంటుకుంది. ఒకాయన "మన డబ్బు ఒక్క రూపాయి కూడా ఆ దేశానికి పోకూడదు" అన్నారు. ఇంకొకావిడ "బెలూన్ ఎగరేసేవాడు డ్రోన్ పంపాడా ఏంటి?" అన్నారు. మా మామగారైతే "వెళ్తే వెళ్ళండమ్మా, ఫోటోలు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి, బంధువులు నన్ను అడుగుతారు" అని తేల్చేశారు.

ఒక దేశం మీద మనకున్న కోపమో ఇష్టమో మన ప్రయాణాన్ని నిర్ణయించాలా? మీలో ఎవరైనా ఇలా మానుకున్నారా? మానుకుని ఎక్కడికి వెళ్ళారు? గొడవ కోసం కాదు, నిజంగానే తేల్చుకోలేక అడుగుతున్నాను.

జవాను_గారబ్బాయి | రాత్రి 9:31

ఇందులో తేల్చుకోడానికి ఏముందండీ? 2023 ఫిబ్రవరిలో టర్కీలో భూకంపం వస్తే మనవాళ్ళు "ఆపరేషన్ దోస్త్" అని పేరు పెట్టుకుని మరీ వెళ్ళారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు శిథిలాల కింద వెతికారు, ఆర్మీ డాక్టర్లు అక్కడే ఆసుపత్రి పెట్టారు. రెండేళ్ళు దాటాయో లేదో, 2025 మేలో పాకిస్తాన్ మన మీదకు వదిలిన డ్రోన్లు టర్కీ తయారీ సోంగర్లని ప్రాథమికంగా తేలిందని మన సైన్యమే ప్రెస్‌మీట్‌లో చెప్పింది. వాళ్ళ ప్రభుత్వం బాహాటంగా అటువైపు నిలబడింది. మన ప్రభుత్వం కూడా ఊరుకోలేదు, విమానాశ్రయాల్లో పనిచేసే టర్కీ కంపెనీ సెలెబికి సెక్యూరిటీ క్లియరెన్స్ తీసేసింది. ఇన్ని జరిగాక బెలూన్ ఎక్కి సెల్ఫీ దిగాలని మీకెలా అనిపిస్తుందో నాకైతే అర్థం కాదు.

టికెట్ల_రాజు | రాత్రి 9:58

మారతహళ్ళిలో చిన్న ట్రావెల్ ఆఫీసు నాది. ఈ విషయంలో మాట్లాడే హక్కు కాస్త ఎక్కువే ఉంది, ఎందుకంటే ఆ మే నెలలో నా ఫోను ఆగలేదు.

పేపర్లో వచ్చింది మీరూ చదివే ఉంటారు. మేక్‌మైట్రిప్ వాళ్ళు ఆ ఒక్క వారంలో టర్కీ, దానిలాగే పాకిస్తాన్ వైపు నిలబడ్డ అజర్‌బైజాన్ బుకింగులు 60 శాతం పడిపోయాయని, రద్దులు 250 శాతం పెరిగాయని చెప్పారు. అంకె నిజమే అయుంటుంది. కానీ ఆ అంకె వెనక నా టేబుల్ దగ్గర జరిగింది వేరు. ఫోన్ చేసినవాళ్ళెవరూ "సార్, దేశం కోసం రద్దు చేయండి" అని మొదలుపెట్టలేదు. మొదటి ప్రశ్న ఒకటే: "రాజు గారూ, ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుంది?"

హోటల్ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉండి, ఇంకా టికెట్లు తీయనివాళ్ళు ఆ రోజే రద్దు చేసి, ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టారు. తలకి నలభై వేలు మునిగిపోయేవాళ్ళు రెండు రోజులు ఆలోచించారు. వాళ్ళలో సగం మంది వెళ్ళొచ్చారు, చప్పుడు చేయకుండా. ఒక కుటుంబం స్టేటస్‌లో మొత్తం దుబాయ్ ఫోటోలే. తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఒక రాత్రి ఆగారు లెండి.

ఇంకో సంగతి. రద్దు చేసినవాళ్ళు ఇంట్లో కూర్చోలేదు. జార్జియా, కజకిస్తాన్‌లోని ఆల్మటీ, వియత్నాం వెళ్ళారు. కజకిస్తాన్‌కి మనవాళ్ళకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు కాబట్టి అది మరీ సులువైంది. అజర్‌బైజాన్ రాజధాని బాకూకి మనవాళ్ళు ఎగబడింది ఆ ఊరి మీద ప్రేమతో కాదు, ఈ-వీసా త్వరగా వస్తుందని, యూరప్ లాంటి ఫోటోలు యూరప్ ఖర్చు లేకుండా వస్తాయని. అలాంటి ఊరిని వదులుకోవడం ఎవరికీ కష్టం అనిపించలేదు.

కోనసీమ_టు_కోరమంగళ | రాత్రి 10:05

రాజన్నా, ఆ దుబాయ్ ఫ్యామిలీ ఎవరో నాకు తెలుసనుకుంటా 😄

టికెట్ల_రాజు | రాత్రి 10:07

తెలిసినా చెప్పకు తమ్ముడూ, మళ్ళీ బుకింగుకి రావాలి వాళ్ళు.

ఉమ_క్లాస్‌రూమ్ | రాత్రి 10:40

మేనేజ్‌మెంట్ కాలేజీలో మార్కెటింగ్ చెప్తుంటాను. రాజు గారు టేబుల్ దగ్గర చూసిందాని మీద మా రంగంలో పాతికేళ్ళ పైబడి పరిశోధన ఉంది. అన్నిటికీ మూలం 1998లో వచ్చిన ఒక అధ్యయనం. క్లైన్, ఎటెన్సన్, మోరిస్ అనే ముగ్గురు చైనాలోని నాంజింగ్‌లో చేశారు. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు, 1937లో జపాన్ సైన్యం మారణకాండ జరిపిన చోటు అది. అక్కడి జనాన్ని జపాన్ వస్తువుల గురించి అడిగారు.

జపాన్ మీద ఎంత కోపం ఉన్నవాళ్ళయినా జపాన్ వస్తువు నాసిరకం అనలేదు. బాగుంటుందని తెలుసు, ఒప్పుకున్నారు కూడా. కానీ కొనడానికి మనసు రాలేదు. అంటే కోపం కళ్ళకి గంతలు కట్టదు, చేతిని ఆపుతుంది. అంతకుముందు వ్యాపారస్తులు "మన వస్తువు నాణ్యత బాగుంటే చాలు" అనుకునేవాళ్ళు. ఈ అధ్యయనం తర్వాత ఆ ధీమా పోయింది.

కోపంలోనూ రెండు రకాలు చూపించారు. యుద్ధం తాలూకు కోపం ఒకటి. "మన మార్కెట్ మింగేస్తున్నారు, మనల్ని వ్యాపారంలో తొక్కేస్తున్నారు" అనే కోపం ఇంకొకటి. జవాను గారబ్బాయిది మొదటి రకం.

అయితే వస్తువుకీ ప్రయాణానికీ ఒక తేడా ఉంది. టీవీ కొని ఇంట్లో పెట్టుకుంటే దాన్ని తయారుచేసినవాడి మొహం మనం చూడం. టూర్‌కి వెళ్తే వాళ్ళ మధ్యే తిరగాలి, వాళ్ళు వండింది తినాలి, దారి తప్పితే వాళ్ళనే అడగాలి. అందుకే అక్కడ కోపానికి భయం తోడవుతుంది. "నేను వాళ్ళ మీద మండిపడుతున్నాను, మరి వాళ్ళు నన్నెలా చూస్తారో" అని. ఫ్రిజ్ కొనేవాడికి ఈ టెన్షన్ లేదు.

కోనసీమ_టు_కోరమంగళ | రాత్రి 10:52

మేడమ్, మరి చైనా ఫోన్ల సంగతేంటి? 2020 జూన్‌లో గల్వాన్ అయ్యాక మా హాస్టల్లో ఒకడు చైనా యాప్‌లన్నీ తీసేశాడు. తీసేసింది చైనా ఫోన్లోంచే.

ఉమ_క్లాస్‌రూమ్ | రాత్రి 11:01

అదే మరి. ఆ ఏడాది ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌గా ఉన్న చైనా ఫోన్ కంపెనీ తప్పుకుంది. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది. ఆ ధరలో ఆ ఫోనుకి సరైన ప్రత్యామ్నాయం లేదు. కప్పడోకియాకి బోలెడు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. కోపం రెండుచోట్లా ఒక్కటే అయినా దాని ధర వేరు.

సియోల్_స్నేహ | శనివారం, ఉదయం 7:20

రాత్రి చదివాను, నిద్ర వచ్చి రాయలేదు. నేను 2019లో సియోల్‌లో పనిచేస్తుండేదాన్ని, ఇప్పుడు హెబ్బాళలో ఉంటున్నాను. "నో జపాన్" ఉద్యమం కళ్ళారా చూశాను.

2018 అక్టోబరులో కొరియా సుప్రీంకోర్టు, జపాన్ వలస పాలన రోజుల్లో కొరియన్లతో బలవంతపు చాకిరీ చేయించినందుకు జపాన్ కంపెనీ పరిహారం కట్టాలని తీర్పు ఇచ్చింది. 2019 జులైలో జపాన్, చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు పదార్థాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అంతే, సూపర్‌మార్కెట్లలో జపాన్ బీరు అరల్లోంచి మాయమైంది. జపాన్ బట్టల కంపెనీ యూనిక్లో షాపుల్లోకి ఎవరు వెళ్తున్నారో చూసి ఫోటోలు తీసేవాళ్ళు తయారయ్యారు.

మా ఆఫీసులో ఎవరైనా ఒసాకా వెళ్ళొస్తే చిన్న చిన్న స్వీటు డబ్బాలు తెచ్చి అందరి టేబుళ్ళ మీదా పెట్టడం అలవాటు. ఆ ఏడాది శీతాకాలంలో ఒకమ్మాయి సెలవు పెట్టి వెళ్ళొచ్చింది. ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, స్వీట్లూ రాలేదు. లంచ్‌లో మాత్రం ఆమె పక్కన కూర్చునే ఇద్దరు కొన్నాళ్ళు వేరే బల్లకి మారారు. హారిక గారి మామగారి మాట చదవగానే నాకు ఆ బల్ల గుర్తొచ్చింది. చాలామంది భయపడింది జపాన్‌కి కాదు, పక్క సీటుకి.

2018లో జపాన్‌కి వెళ్ళిన కొరియన్లు 75 లక్షల పైన. 2019లో 56 లక్షలకి పడిపోయారు, అదీ సగం ఏడాది మామూలుగా గడిచాక. తర్వాత కోవిడ్. మరి 2023లో? జపాన్‌కి వచ్చిన విదేశీయుల్లో మొదటి స్థానం కొరియన్లదే, దాదాపు 70 లక్షల మంది. ఆ మరుసటి ఏడాది ఇంకా పెరిగారు. చరిత్ర ఏమీ మారలేదు. యెన్ విలువ మాత్రం బాగా పడిపోయింది, అదృష్టం కొద్దీ రెండు ప్రభుత్వాలూ మళ్ళీ మాట్లాడుకున్నాయి.

ఎవరు నష్టపోయారంటే, త్సుషిమా అనే జపాన్ దీవి. కొరియాలోని బూసాన్ నుంచి పడవలో గంటన్నర ప్రయాణం. అక్కడికొచ్చే విదేశీయులు దాదాపు అందరూ కొరియన్లే. అక్కడ గదులు అద్దెకిచ్చి బతికే ముసలివాళ్ళకి చిప్ రసాయనాల గురించి ఏం తెలుసు?

జవాను_గారబ్బాయి | ఉదయం 8:02

స్నేహ గారూ, కథ బాగుంది. కానీ మీరు చెప్పిన త్సుషిమా ముసలివాళ్ళ లెక్కన అయితే ఏ దేశం మీదా ఏ ఆంక్షా పెట్టకూడదు. ఎక్కడైనా చివరికి తగిలేది మామూలు జనానికే.

ఇంకో మాట. "మీరు మానుకుంటే వాళ్ళకేం నష్టం?" అని అందరూ అడుగుతారు. టర్కీకి ఏడాదికి ఆరు కోట్ల మంది పైగా వెళ్తారు, 2024లో మనవాళ్ళు మూడు లక్షల చిల్లర. నాకూ తెలుసు ఆ లెక్క. వాళ్ళకి నష్టం చేయడానికి కాదు నేను మానుకుంటున్నది. మా నాన్నగారు సర్వీసులో ఉన్న రోజుల్లో ఫోన్ మోగితే అమ్మ మొహం ఎలా మారేదో చూసి పెరిగాను. అది చూసినవాడిని ఆ దేశంలో బీచ్ మీద పడుకోలేను. ఇందులో లాభనష్టాల లెక్క లేదు. అది అర్థం కాకపోతే నేను చేయగలిగిందేం లేదు.

లాల్‌బాగ్_లక్ష్మి | ఉదయం 8:30

మీ మాట నాకు నచ్చింది బాబూ. ఎవరినీ మానమని బలవంతపెట్టనంత వరకు అది మీ ఇష్టం, మీ గౌరవం. నా గొడవంతా ఆ తర్వాతి మెట్టుతో. మనం విదేశాలకి వెళ్ళడం, మానడం గురించే మాట్లాడుకుంటున్నాం. ఊళ్ళో ఉన్నవాళ్ళం ఏం చేస్తామో కూడా చూడాలి కదా.

2019 ఫిబ్రవరిలో పుల్వామా తర్వాత, ఇందిరానగర్‌లో కరాచీ బేకరీ ముందుకి గుంపు వచ్చింది. పేరు మార్చాలని గొడవ. అది మన హైదరాబాద్ బేకరీ అని, మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో పెట్టారని, పెట్టినాయన దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన మనిషని తెలుగువాళ్ళందరికీ తెలుసు. మర్నాడు ఆ దారిన వెళ్తే బోర్డు మీద "కరాచీ" అన్నచోట గుడ్డ కప్పి ఉంది. పక్కన జెండా కట్టారు. లోపల ఫ్రూట్ బిస్కెట్లు కొనేవాళ్ళు మామూలుగానే కొంటున్నారు, కాకపోతే కవరు పట్టుకుని త్వరగా బయటపడుతున్నారు. పాకిస్తాన్ మీద కోపం, పాకిస్తాన్ వదిలేసి వచ్చినవాడి బోర్డు మీద. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇంతకంటే ఏముంటుంది?

అది గుడ్డతో పోయింది. 2016 జనవరి ఆఖర్లో హెసరఘట్ట వైపు జరిగింది గుర్తుందా? ఒక సూడాన్ కుర్రాడి కారు కింద పడి స్థానికురాలు ఒకావిడ చనిపోయింది. కాసేపటికి వేరే కారులో అటు వచ్చిన టాంజానియా అమ్మాయిని, కాలేజీ పిల్లని, గుంపు కారులోంచి లాగి కొట్టింది. కారు తగలబెట్టింది. సూడాన్ ఎక్కడ, టాంజానియా ఎక్కడ! ఆ రోడ్డు మీద వాళ్ళకి కనపడింది ఒంటి రంగు ఒక్కటే. ఢిల్లీ నుంచి విదేశాంగ మంత్రి మాట్లాడాల్సి వచ్చింది, అరెస్టులయ్యాయి.

నేను ఈ ఊళ్ళో పెళ్ళయిన దగ్గర్నుంచి ఉన్నాను. మర్యాదైన ఊరు. ఆ మర్యాద ఎంత పల్చనిదో ఆ వారం చూశాను.

నిర్వాహకుడు | ఉదయం 9:10

పార్టీ పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మతం పేరుతో వచ్చిన ఒకటి కూడా. చర్చ బాగా నడుస్తోంది, పాడుచేయకండి.

భీమవరం_బుల్లోడు | ఉదయం 10:45

అందరూ టర్కీ, జపాన్ అంటున్నారు. అసలు దేశం గురించి ఎవరూ ఎత్తరేంటండీ? అమెరికా!

2025 ఆగస్టులో మన మీద సుంకం 50 శాతానికి పెంచారు. మా బాబాయివి రొయ్యల చెరువులు. మన దేశం రొయ్యల్లో ఎక్కువ భాగం మన ఆంధ్రావే, కొనేవాళ్ళలో పెద్ద దేశం అమెరికా. సుంకం ప్రకటన రాగానే ఇక్కడ చెరువు గట్టు మీద రొయ్యల ధర దిగింది. బాబాయి ఆ వారమంతా టీవీ ముందు అమెరికాని తిట్టని తిట్టు లేదు. కోలా తాగొద్దని మా పిల్లలకి ఆర్డర్ వేశాడు. ఇది ఉమ మేడమ్ చెప్పిన రెండో రకం కోపం అన్నమాట.

ఆ వారమే ఆయన కూతురికి చెన్నైలో వీసా ఇంటర్వ్యూ. తెల్లవారుజామున బస్సు దిగి, కాన్సులేట్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఫైలు పట్టుకుని నిలబడ్డాడు మా బాబాయి. స్టాంపు పడ్డాక ఊరంతా స్వీట్లు పంచాడు. ఎవరైనా రొయ్యల రేటు గురించి అడిగితే మళ్ళీ తిట్టాడు. రెండూ నిజమే.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ ఒలేతేలో ఒక తెలుగు ఇంజనీరుని "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపారు. ప్రతి తెలుగింట్లో ఆ రోజు ఎవరో ఒకరికి ఫోన్ చేసి "బాగున్నావా?" అని అడిగారు. మరి చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్ళేమైనా తగ్గారా? 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుకి లక్ష డాలర్లన్నారు. తిట్టుకున్నాం. ఇంకేదైనా దారి ఉందా అని వెతుక్కున్నాం. అమెరికా మీద మనకి కోపమా, ప్రేమా అని అడిగితే మా ఊళ్ళో ఎవడూ చెప్పలేడు.

హారిక_వైట్‌ఫీల్డ్ | ఉదయం 11:15

బుల్లోడు గారూ, మీ బాబాయి గారికి నా నమస్కారం చెప్పండి 🙏

అంటే మనకి పని ఉన్న దేశం మీద కోపం నోటితో సరిపెట్టుకుంటాం, సరదా ఉన్న దేశం మీద కోపం చేతల్లో చూపిస్తాం అనా? ఇలా అంటే జవాను గారబ్బాయికి కోపం వస్తుందేమో.

జవాను_గారబ్బాయి | ఉదయం 11:22

రాదండీ. మీరన్నది కొంత నిజమే. కానీ అన్నీ చేయలేనప్పుడు చేయగలిగింది కూడా మానేయాలా? మాల్దీవుల సంగతి చూడండి. 2024 జనవరిలో మన ప్రధాని లక్షద్వీప్ వెళ్తే అక్కడి డిప్యూటీ మంత్రులు ముగ్గురు నోరు పారేసుకున్నారు. వాళ్ళని సస్పెండ్ చేశారు. మనవాళ్ళు మానేశారు. అదే ఏడాది ఆగస్టులో వాళ్ళ టూరిజం మంత్రి మన బెంగళూరుకే వచ్చి "రండి, రండి" అని రోడ్‌షో పెట్టుకున్నారు. పనిచేయలేదంటారా?

టికెట్ల_రాజు | మధ్యాహ్నం 12:05

ఆ రోడ్‌షో సంగతి మా వ్యాపారంలో అందరికీ తెలుసు. ఢిల్లీ, ముంబై, తర్వాత మన ఊరు. నిజమే, దెబ్బ తగిలింది. 2023లో మాల్దీవులకి వెళ్ళినవాళ్ళలో మనమే ఫస్టు, రెండు లక్షల తొమ్మిది వేల పైన. 2024లో లక్షా ముప్పై వేలకి వచ్చి ఆరో స్థానంలో పడ్డాం. కానీ సోదరా, అదే ఏడాది వాళ్ళకొచ్చిన మొత్తం టూరిస్టులు పెరిగారు, ఇరవై లక్షలు దాటారు. మన ఖాళీలో చైనావాళ్ళు వచ్చి కూర్చున్నారు.

అయినా మీ మాట పూర్తిగా కొట్టేయను. చైనా టూరిస్టులు వచ్చినంత మాత్రాన మనవాళ్ళ మీద ఆధారపడ్డ గెస్ట్‌హౌస్ నడవదు కదా. మనవాళ్ళు తినేది వేరు, దిగే హోటల్ వేరు, వచ్చే నెలలు వేరు. అందుకే పరుగెత్తుకొచ్చారు. తర్వాత రెండు ప్రభుత్వాలూ సర్దుకున్నాయి, 2025 జులైలో వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధానే ముఖ్య అతిథి. ఆ ఫోటో టీవీలో వచ్చిన మర్నాటి నుంచి నా దగ్గర మాల్దీవుల ఎంక్వయిరీలు మళ్ళీ మొదలు. ఎవరైనా ఇంకా మండిపడుతున్నారా అంటే, లేదు. మండమని చెప్పినవాళ్ళే చల్లబడ్డారు కాబట్టి వీళ్ళూ చల్లబడ్డారు.

లక్షద్వీప్ గురించి ఒక్క మాట, ఎవరూ చెప్పరు కాబట్టి. ఆ జనవరిలో "లక్షద్వీప్ ప్యాకేజీ ఇవ్వండి" అని కుప్పలుగా అడిగారు. అక్కడికి మనకీ పర్మిట్ కావాలి. గదులు బహుతక్కువ. అగత్తి రన్‌వే మీద చిన్న విమానాలే దిగుతాయి. మార్చి నెలాఖర్లో బెంగళూరు నుంచి ఇండిగో చిన్న ఏటీఆర్ విమానం మొదలుపెట్టింది, మంచిదే. కానీ అది ఎంతమందిని మోస్తుంది? అడిగినవాళ్ళలో ఎక్కువమంది చివరికి ఫుకెట్ వెళ్ళారు.

ఎగ్మోర్_నుంచి | మధ్యాహ్నం 1:30

నేను చెన్నై మనిషిని, ఉద్యోగం కోసం ఈ మధ్యే బెంగళూరు వచ్చాను. మీరంతా మన కోపం గురించే చెప్తున్నారు, మనల్ని చూసి భయపడి రాని వాళ్ళ గురించి ఒకటి.

ఎగ్మోర్‌లో కెన్నెట్ లేన్‌లో మహాబోధి సొసైటీ ఉంది. బుద్ధగయ వెళ్ళే శ్రీలంక యాత్రికులు ఎప్పటినుంచో అక్కడ ఆగుతారు. తెల్లబట్టలు కట్టుకుని, బ్యాగులు గోడ పక్కన పెట్టి, రైలు టైము దాకా కూర్చునేవాళ్ళు. మా నాన్నగారి షాపులో నీళ్ళ బాటిళ్ళు, అరటిపళ్ళు కొనేవాళ్ళు. 2011 జనవరిలో ఆ భవనం మీద దాడి జరిగింది. 2012 సెప్టెంబరులో వేలాంకణ్ణికి వచ్చిన శ్రీలంక యాత్రికుల బస్సుల మీద దాడి. శ్రీలంక ప్రభుత్వం తమిళనాడు వెళ్ళొద్దని తన పౌరులకి చెప్పింది. మరుసటి ఏడాది ఐపీఎల్‌లో శ్రీలంక ఆటగాళ్ళు చెన్నైలో ఆడలేదు. అక్కడి అంతర్యుద్ధంలో చనిపోయిన తమిళుల కోసం ఇక్కడివాళ్ళ గుండె మండటంలో తప్పు లేదు. కానీ ఆ వేలాంకణ్ణి యాత్రికుల్లో తమిళం మాట్లాడే క్రైస్తవులూ ఉన్నారు. తిట్టేటప్పుడు ఎవరూ వాళ్ళ భాష అడగలేదు.

ఇప్పుడు శ్రీలంకకి ఎక్కువమంది వెళ్ళేది మనవాళ్ళే, 2024లో నాలుగు లక్షల పైన. చెన్నై నుంచి గంటంపావు విమానం.

కోనసీమ_టు_కోరమంగళ | మధ్యాహ్నం 1:44

ఇష్టం ఉన్న దేశాల గురించి కూడా ఎవరైనా రాయండి బాబూ. మా చెల్లెలు కొరియా సీరియళ్ళు చూసి చూసి ఇంట్లో అమ్మని "ఒమ్మా" అంటోంది.

పెనుకొండ_పిల్లోడు | మధ్యాహ్నం 2:20

ఆ కొరియా మా ఇంటి పక్కకే వచ్చింది అన్నా, సీరియల్ అక్కర్లేదు.

2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక మా వైపు కొరియన్లు కనపడటం మొదలైంది. హైవే మీద కొరియా లిపిలో హోటల్ బోర్డులు లేచాయి. మొదట్లో మావాళ్ళ ముచ్చట చూడాల్సింది. పిల్లలు వెనకే నడిచేవాళ్ళు, సంతలో అవ్వలు టమాటాలు కొసరు వేసి ఇచ్చేవాళ్ళు. కరువు సీమకి ఫ్యాక్టరీ తెచ్చినవాళ్ళని అభిమానం.

తర్వాత ఇళ్ళ అద్దెలు పెరిగాయి. మా బావ టీచరు, ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఓనరుకి కంపెనీ అద్దె ముద్దు. బావ ఇప్పుడు కొరియన్ల గురించి మాట్లాడే తీరు వేరు. వాళ్ళేం చేశారని అడిగితే "ఏం చేయలేదు, అదే" అంటాడు. ఆ ఓనరు మాత్రం కొరియా భాషలో పలకరింపులు నేర్చుకున్నాడు. ఒకే వీధి, ఒకే దేశం మీద రెండు అభిప్రాయాలు.

ఉమ_క్లాస్‌రూమ్ | మధ్యాహ్నం 3:05

పెనుకొండ బాబూ, నువ్వు రాసింది డాక్సీ అనే ఆయన 1975లో చెప్పిన మెట్లే. కొత్తవాళ్ళొస్తే మొదట సంబరం, తర్వాత పట్టనితనం, తర్వాత చిరాకు, చివరికి పగ. 2024 జులైలో బార్సిలోనాలో టూరిస్టుల మీద నీళ్ళ తుపాకులతో పిచికారీ చేశారే, ఆ చివరి మెట్టు దగ్గర. కాకపోతే ఆయన ఊరంతా ఒకేసారి మెట్లెక్కుతుందన్నట్టు చెప్పాడు. మీ బావ, మీ ఓనరు ఒకే వీధిలో వేర్వేరు మెట్ల మీద ఉన్నారు. అద్దె ఇచ్చేవాడా, పుచ్చుకునేవాడా అన్నదాన్ని బట్టి దేశం మీద అభిప్రాయం ఉంటుంది. ఇది సోమవారం క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇచ్చినట్టే కదా?

పెనుకొండ_పిల్లోడు | మధ్యాహ్నం 3:09

వాడుకోండి మేడమ్, బావ పేరు మాత్రం వద్దు.

హారిక_వైట్‌ఫీల్డ్ | సాయంత్రం 5:40

అప్‌డేట్: మా గ్రూపులో ఓటు పెట్టాం. రెండు కుటుంబాలు వియత్నాం, ఒకరు "ఎక్కడైనా సరే", మేము ఇంకా ఆలోచిస్తున్నాం. మా ఆయన "ఇస్తాంబుల్ మనిద్దరం వెళ్దాం, వాళ్ళని వియత్నాం పోనీ" అంటున్నారు. నాకేమో పిల్లలకి స్నేహితులు లేకుండా ట్రిప్ ఏంటనిపిస్తోంది. నిజం చెప్పాలంటే ఇప్పుడు నా సమస్య టర్కీ కాదు.

బొమ్మసంద్ర_లాడ్జి | రాత్రి 8:15

పని అయ్యేసరికి ఈ వేళైంది. నాది బొమ్మసంద్రలో పెద్ద గుండె ఆసుపత్రికి దగ్గర్లో లాడ్జి. సొంతూరు పలమనేరు.

మా వీధి ఎప్పుడైనా చూశారా? బోర్డులు కన్నడం కన్నా బెంగాలీలో ఎక్కువ. మెస్సుల్లో ఆవనూనెలో వేయించిన చేప, మెత్తటి అన్నం. మనీ చేంజర్, సిమ్‌కార్డు, మందుల షాపు, అన్నిచోట్లా బెంగాలీ మాట్లాడే కుర్రాడు ఒకడు ఉండాల్సిందే. పశ్చిమ బెంగాల్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు కలిసే వస్తారు. ఎవరు ఏ దేశమో నాకు తెలిసేది పాస్‌పోర్టు చూసినప్పుడే. విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరాల ఫారం ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపాలి కదా, అందుకు.

2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం పడిపోయింది, మన వీసాలు బాగా తగ్గాయి. ఆ డిసెంబరులో కోల్‌కతాలో ఒక ఆసుపత్రి బంగ్లాదేశ్ రోగుల్ని చూడనందని, త్రిపురలో హోటళ్ళు గదులు ఇవ్వనన్నాయని వార్తలొచ్చాయి. మా వీధిలో కూడా మీటింగ్ లాంటిది జరిగింది. మా పక్క లాడ్జాయన "మనమూ బోర్డు పెడదామా?" అన్నాడు. ఆయన లాడ్జిలో ఆ నెల సగం గదులు అప్పటికే ఖాళీ. ఇద్దరు ముగ్గురు ఆవేశంగా మాట్లాడారు. మెస్సు నడిపే అక్క లేచి "నా దగ్గర నిన్న రాత్రి అన్నం తిన్న ముసలాయనకి రేపు ఆపరేషన్, ఆయన్ని ఎక్కడ పడుకోమంటారు?" అంది. బోర్డు పెట్టలేదు. అక్క మాటకి పెట్టలేదా, ఖాళీ గదులకి పెట్టలేదా అంటే నేను చెప్పలేను.

ఆ ముసలాయన కొడుకు వెళ్ళేటప్పుడు నన్ను ఒకటి అడిగాడు. "మీవాళ్ళు టీవీలో మా గురించి ఏమంటున్నారు?" అని. నేను చూడలేదన్నాను. అతను "మా దగ్గర కూడా మీ గురించి ఏదేదో అంటున్నారు, నాన్నకి చూపించట్లేదు" అన్నాడు.

వీసా తగ్గాక ఇప్పటికీ వీధి పూర్తిగా కోలుకోలేదు. కొందరు థాయ్‌లాండ్ వెళ్తున్నారట, చైనా కూడా పిలుస్తోందట. డబ్బున్నవాళ్ళు వెళ్ళగలరు. లేనివాళ్ళు ఢాకాలోనే ఉండిపోతారు.

లాల్‌బాగ్_లక్ష్మి | రాత్రి 8:40

మీ మెస్సు అక్కని ఒకసారి చూడాలనుంది అన్నయ్యా.

జవాను_గారబ్బాయి | రాత్రి 8:52

రోగుల విషయం వేరు సార్, దాంట్లో నాకు రెండో మాట లేదు. ఊరికే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: రేపు ఒక టర్కీ టూరిస్టు బ్యాగు వేసుకుని మీ లాడ్జి కౌంటర్ దగ్గర నిలబడ్డాడనుకోండి. జబ్బూ లేదు, ఏమీ లేదు. గది ఇస్తారా?

బొమ్మసంద్ర_లాడ్జి | రాత్రి 9:03

పాస్‌పోర్టు, వీసా కాపీ తీసుకుంటాను, ఫారం నింపుతాను, గది ఇస్తాను. రేటు మాత్రం తగ్గించను.